రెండు ఊళ్ల సొరుగులు

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. మా మేనత్త, మావయ్య, నేను. మావయ్య వేడి ఊరు చూసి వచ్చాడు, అత్త చలి ఊరు చూసి వచ్చింది. రెండూ చూసింది నేనొక్కదాన్నే. అందువల్ల ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవాల్సిన ఆ వారమంతా భోజనాల దగ్గర ఇద్దరూ నన్నే సాక్ష్యానికి పిలిచారు.

మాది వడ్రంగి పని. ఇంటి వెనక అద్దెకు తీసుకున్న పొడవాటి రేకుల షెడ్డులో బీరువాలు, బల్లలు చేస్తాం. మావయ్య చెక్క కోసి, చిత్రిక పట్టి, బిగిస్తాడు. అత్త గరుకు కాగితంతో రుద్ది పాలిష్ వేస్తుంది. పల్లెటూరి బడిలో చదువు అయిపోయాక నేను వాళ్ల దగ్గరికి వచ్చి ఈ పనిలో కుదురుకున్నాను. ఇద్దరికీ కావలసినవి అందిస్తాను, జిగురు కాస్తాను, పొట్టు ఊడుస్తాను. ఎక్కువ మాట్లాడనని మావయ్య నాకు ‘నిమ్మళం’ అని పేరు పెట్టాడు. అసలు పేరు పిలిస్తే ఇప్పుడు నేనే పలకనేమో.

విత్తనాలు భద్రపరిచే సంస్థ ఒకటి మాకు పెద్ద పని ఇచ్చింది. ఎక్కడెక్కడి గింజలో సేకరించి, చిన్న కవర్లలో వేసి, సొరుగుల్లో వరసగా పేర్చి దాచుకోవడం వాళ్ల పని. వాళ్ల కార్యాలయాల్లో ఒకటి ఏడాది పొడవునా ఉక్కపోసే సముద్రపు ఒడ్డున ఉంది. ఇంకొకటి ఉత్తరాన, సగం ఏడాది మంచు కింద ఉండే చోట ఉంది. రెండింటికీ ఒకే రకం బీరువాలు చేసి పంపాం, వెళ్లి బిగించి వచ్చాం. ఇప్పుడు ఆ సంస్థ వాళ్లు ఫోను చేసి, బీరువాలు ఇంకా చాలా కావాలి, ఉన్నవాటిని చూసుకునే మనిషి కూడా కావాలి, కుటుంబంతో వచ్చి మూడేళ్లు ఉండండి, ఇల్లు మేమే ఇస్తాం అన్నారు. ఏ ఊరు కావాలో ఎంచుకోమన్నారు. రెండో ఊరికి వేరే వాళ్లను చూసుకుంటారట. మా షెడ్డు యజమాని ఎలాగూ షెడ్డు పడగొట్టి మేడ కట్టుకుంటానని చెప్పేశాడు కాబట్టి ఎక్కడికో ఒకచోటికి కదలక తప్పదు. శనివారంలోగా మాట చెప్పాలి.

మావయ్యకి వేడి ఊరు కావాలి. అత్తకి చలి ఊరు కావాలి.

“అక్కడ స్వెట్టర్ల బరువుకే నడుం పడిపోతుంది,” అనేవాడు మావయ్య. “మనిషికి ఉల్లిపాయకున్నన్ని పొరలు. విప్పుకునేసరికే నిద్రవేళవుతుంది.”

“మీ ఊళ్లో విప్పడానికి ఒంటి మీద ఏమీ మిగలదుగా,” అనేది అత్త.

చెమట పడదని, దోమలు పడవని, ఉక్కకు ఆయాసం వస్తుందని ఆమె రోజుకో కారణం చెప్పేది. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. చెప్పొద్దని అత్త నా దగ్గర మాట తీసుకుంది.

ముందు వెళ్లింది వేడి ఊరికి. అత్త షెడ్డు చూసుకుంటూ ఉండిపోయింది, మావయ్యతో నేను వెళ్లాను. బయటికి అడుగు పెట్టగానే ఎవరో తడి తువ్వాలు మొహాన కప్పినట్టయింది. ఆ తడి మేమున్నన్నాళ్లూ వదల్లేదు. ఉతికిన బట్టలు తాడు మీద ఆరేవి కావు, తొడుక్కుంటే ఒంటి మీద ఆరేవి. అగ్గిపుల్ల గీస్తే తల ఊడేది కానీ వెలిగేది కాదు. ఉప్పు డబ్బాలో గడ్డకట్టి, చెంచాతో కొడితే కానీ రాలేది కాదు. మూల పెట్టిన బూట్లకు తెల్లారేసరికి ఆకుపచ్చ బూజు పట్టేది. కార్యాలయంలో గుమాస్తా ఒకాయన, వాడకముందే కవర్లన్నీ తమంతట తామే అంటుకుపోయాయని రోజూ గొణుక్కునేవాడు.

అయినా ఆ ఊరు బాగుంది. అక్కడ తలుపులు మూసే అలవాటు లేదు. వీధిలో నడుస్తుంటే ఒక ఇంట్లో కుట్టుమిషను, ఇంకో ఇంట్లో జుట్టు ఆరబోసుకుంటున్న ఆడపిల్ల, మరో ఇంట్లో ఫ్యాను కింద నేల మీద పడుకున్న తాతగారు కనిపించేవారు. మధ్యాహ్నానికి వాన ముంచుకొచ్చేది. అది వచ్చిందంటే ఏ పనిలో ఉన్నవాళ్లయినా ఆపేసి దొరికిన చూరు కింద చేరేవారు. షెడ్డులో పొద్దస్తమానం తల వంచుకుని పనిచేసే మావయ్య ఆ చూరు కింద వేరే మనిషి అయ్యాడు. ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లు వేసుకున్నాడు. ఎదురింటి వరండాలో క్యారమ్స్ ఆడి, గెలిచినప్పుడల్లా నా వైపు చూసి కళ్లెగరేశాడు. వెళ్లిన వారానికే వీధిలో సగంమంది ఆయన్ని అన్నా అని పిలిచేవారు.

సొరుగుల విషయం మాత్రం ఎదురు తిరిగింది. మావయ్య సొరుగు బిగిస్తే గాలి కూడా దూరదు. ఒకటి మూస్తే లోపలి గాలి ఒత్తిడికి దాని పక్కది కొంచెం బయటికి జరుగుతుంది. అదే ఆయన గొప్ప. గింజలకు తేమ, పురుగు తగలకూడదు కాబట్టి సంస్థవాళ్లకీ అదే కావాలి. ఆ ఊళ్లో బీరువాలు నిలబెట్టి వారం తిరక్కుండానే చెక్క తేమ పీల్చుకుని ఉబ్బింది, సొరుగులు కదలనని మొరాయించాయి. గుమాస్తా ఒకరోజు బీరువాకి కాలు తన్నిపట్టి రెండు చేతులా లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది, మనిషి వెల్లకిలా పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత చాలా రోజులు ఒక్కో సొరుగునూ పగలగొట్టినంత పని చేసి బయటికి తీసి, అంచులు చిత్రిక పట్టి, మళ్లీ దూర్చాడు. రెండో రోజుకి వీధిలోవాళ్లు వచ్చి చుట్టూ చేరారు. ఒకరు మైనం తెచ్చారు, ఒకరు టేబుల్ ఫ్యాను తెచ్చి ఆయన వైపు తిప్పి పెట్టారు. ఆ పడిపోయిన గుమాస్తాయే అందరికంటే ఎక్కువ సాయం చేశాడు.

“సొరుగులు కూడా ఇక్కడి తిండికి ఒళ్లు చేశాయి,” అన్నాడు మావయ్య, అందరితో కలిసి నవ్వుతూ. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదలు. ఇప్పటికీ ఆ ఊరి మాట వస్తే ఆయన చెప్పేది ఈ కథే.

ఇంటికి వచ్చాక ఆయన చలి ఊరి బీరువాలు మొదలుపెట్టాడు. ఊరు మారితే సొరుగుకి సందు వదలాలి, అది నేర్చుకున్నాను అన్నాడు. ప్రతి సొరుగూ చుట్టూ సందు వదిలి చేశాడు. అత్త పాలిష్ గుడ్డ పట్టుకుని ఒక సొరుగు అటూ ఇటూ కదిపి, మరీ వదులుగా ఉన్నట్టుందే అంది. నువ్వు ఆ ఊరు చూళ్లేదుగా అన్నాడాయన. నాకూ అనుమానం రాలేదు. మంచు అంటే నీళ్లే కదా, వానకే అంత ఉబ్బితే మంచుకి ఇంకెంత ఉబ్బుతాయో అనుకున్నాను.

బయల్దేరే ముందు బీరువా లారీలోకి ఎక్కిస్తుంటే మావయ్యకి నడుం పట్టేసింది. మంచం దిగలేని పరిస్థితి. నిలబెట్టి, పాలిష్ మరకలుంటే సరిచేసి రావడమేగా, మీరిద్దరూ చాలు అన్నాడు. అలా అత్తతో నేను మళ్లీ ప్రయాణమయ్యాను.

చలి ఊళ్లో బయట అంతా తెలుపు. అడుగు వేస్తే కాలి కింద పిండి నలిగినట్టు చప్పుడయ్యేది. మధ్యాహ్నం టీ తాగి కిటికీలోంచి చూస్తే అప్పటికే చీకటి పడుతుండేది. తలుపుకి లోపల మరో తలుపు. ఆ రెండూ దాటి గదిలోకి వెళ్తే గోడల వెంట వేడి గొట్టాలు కాలుతుండేవి. బయట అంత మంచు ఉండగా లోపల గొంతు ఎండిపోవడమేమిటో మాకు మొదట అర్థం కాలేదు. ఉతికిన బట్ట గొట్టం మీద వేస్తే చూస్తుండగానే అట్టలా బిరుసెక్కేది. ఆ పొడి గాలికి ఇనప పిడి ముట్టుకుంటే కరెంటు తగిలినట్టు వేలికి చురుక్కుమనేది. అత్త మొదటిసారి ఉలిక్కిపడి ఆ పిడికే సారీ చెప్పింది. నవ్వితే పెదవి చిట్లేది. అక్కడివాళ్లు అంత ముభావంగా ఎందుకుంటారో నాకు అప్పుడు తెలిసింది.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట లేకుండా టీ తాగి, తల ఊపి వెళ్లిపోయేవారు. ఎందుకు మాట్లాడవు అని ఎవరూ నన్ను అడగలేదు. అందరూ నాలాంటివాళ్లే. నాలాంటివాళ్లు ఊరంతా ఉంటే ఎంత విసుగో అక్కడే తెలిసింది.

అత్తకి మాత్రం ఆ నిశ్శబ్దం హాయిగా ఉంది. వెళ్లిన రోజు నుంచీ ఒళ్లు మరిచి నిద్రపోయింది.

బీరువాలు నిలబెట్టిన కొన్నాళ్లకు ఒక పొద్దున్న అత్త ఒక సొరుగు లాగితే దాని కిందవి రెండు వాటంతట అవే జారి బయటికొచ్చాయి, నాలుక చాపినట్టు. మిగతావి తోస్తే లోపల గడగడమని కొట్టుకున్నాయి. సందులో నా చిటికెన వేలు దూరింది. గదిలోని పొడి వేడికి చెక్క ఎండి కుదించుకుపోయింది. ఆ మధ్యాహ్నమే వెనక పలక ఒకటి టపీమని చీలింది. ఆ శబ్దానికి విత్తనాల గదికి పెద్ద అయిన ఆవిడ చేతిలో కప్పు ఒలికింది. ఆమెను మేము గింజలావిడ అనుకునేవాళ్లం. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఉండేది. బట్టతో నేల తుడుచుకుని, అత్త వైపు చూసింది.

అత్త ఒక పెట్టె మీద కూర్చుంది.

“మావయ్యకి ఫోను చెయ్యకు,” అంది నాతో. “నడుం సంగతి మరిచిపోయి బయల్దేరతాడు. ఆయనే చేసి ఆలస్యమేమని అడిగితే పాలిష్ ఇంకా మిగిలిందను.”

తర్వాత ఆమె ఏ పనీ మొదలుపెట్టకపోవడం చూసి నేను భయపడ్డాను. రోజూ పొద్దున్నే వచ్చి, బీరువా పక్క పలక అంచున పెన్సిలుతో ఒక గీత గీసి వెళ్లేది. మర్నాడు ఆ గీత ఎంత జరిగిందో చూసేది. కొన్నాళ్లకు గీత జరగడం మానేసింది. చెక్క ఇక ఎండేదేమీ లేదని తెలిశాక అప్పుడు కొలతలు తీసింది. అదే గదిలో ఏళ్లుగా పడున్న పాత బల్ల ఒకటి అడిగి తీసుకుని, దాన్ని కోసి సన్నటి పట్టీలు చేసి, సొరుగుల అంచులకు ఒక్కొక్కటే అంటించింది. చీలిన పలకకి జిగురు పెట్టలేదు. చుట్టూ గాడి తవ్వి, అందులో కొత్త పలకను కదలడానికి వీలుగా నిలబెట్టింది. అత్త చేతిలో చిత్రిక అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మావయ్య పట్టినట్టే పట్టింది, కాకపోతే ఆయనకంటే నెమ్మదిగా.

గింజలావిడ రోజూ కప్పు పట్టుకుని వచ్చి నిలబడి చూసేది. ఒకరోజు తలుపు దగ్గర్నుంచి “మేస్త్రీ గారూ” అని పిలిచింది. ఎవరిని పిలుస్తోందా అని అత్త చుట్టూ చూసింది. మర్నాడు మళ్లీ అలాగే పిలిచింది. ఈసారి అత్త చుట్టూ చూడలేదు, చేతిలో పని ఆపి “చెప్పండి” అంది.

మేము వచ్చేసే రోజు గింజలావిడ అత్త చేయి పట్టుకుని, మీరు ఇక్కడికి వచ్చేయండి, ఈ గదిలో చెక్క పని అంతా మీ చేతిలో పెడతాను అంది. దారిలో అత్త సొరుగుల సంగతి ఇంట్లో అనొద్దంది. ఆయన పనికి వంక పెట్టినట్టవుతుందంది. సరే అన్నాను. ఇంటికి రాగానే మావయ్య మంచం మీంచే, ఎలా ఉన్నాయి నా సొరుగులు అని అడిగాడు. బాగున్నాయి అంది అత్త.

“చూశావా, సందు వదిలాను కాబట్టి,” అన్నాడాయన.

అప్పటినుంచి అత్త మళ్లీ పాలిష్ గుడ్డ పట్టుకుంది. ఇప్పుడు వేడి ఊరికి వెళ్తే అక్కడా ఆ గుడ్డే పట్టుకుంటుంది. ఇదీ అసలు కారణం.

శుక్రవారం భోజనాల దగ్గర మావయ్య కంచం పక్కకి జరిపి నా వైపు తిరిగాడు.

“మేమిద్దరం ఇలా వాదించుకుంటే తెల్లారదు. రెండూ చూసినదానివి నువ్వు. నిమ్మళం ఏదంటే అదే. నేను మారు మాట్లాడను.”

“నేనూ అంతే,” అంది అత్త. గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసి, మళ్లీ తీసింది.

వేడి ఊరు అంటే అత్త నోరెత్తకుండా సామాను సర్దుతుంది. చలి ఊరు అని ఊరుకుంటే మావయ్య అన్న మాట మీద నిలబడి, శిక్ష పడినవాడిలా వస్తాడు. ఆ వాన, ఆ చూరు, ఆ అన్నా అనే పిలుపు ఎందుకు వదులుకున్నాడో మూడేళ్లూ ఆయనకు తెలియదు. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

“ఊరు బాగున్నది వేడిదే, మావయ్యా,” అన్నాను.

అత్త తల దించుకుంది.

“మనం వెళ్లాల్సింది మాత్రం చలి ఊరికి.”

“ఇదేం తీర్పే,” అన్నాడు మావయ్య.

అత్త నా వైపు చూసి వద్దన్నట్టు కనుబొమలు ముడిచింది. నేను కంచంలోకి చూస్తూ మొదలుపెట్టాను. సొరుగులు జారిపడటం, పలక చీలడం, పెన్సిలు గీతలు, పాత బల్ల, పట్టీలు, గింజలావిడ పిలుపు, ఆమె చివర్న అడిగిన మాట అన్నీ చెప్పాను. నా జీవితంలో ఒకే ఊపున అంత మాట్లాడింది ఆ రోజే.

“నోరు తెరవక తెరవక ఇవాళ తెరిచావు,” అంది అత్త.

మావయ్యకి ముందు నమ్మకం కుదరలేదు. “నేను సందు వదిలానుగా,” అన్నాడు.

“అందుకే,” అంది అత్త.

మావయ్య లేచి చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లాడు. అక్కడ దీపం వెలిగింది కానీ ఏ పనిముట్టూ చప్పుడు కాలేదు. అత్త గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. నేను తుడిచి బోర్లించాను. కాసేపటికి మావయ్య వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“పట్టీల చెక్కలో నార గీతలు ఎటు వచ్చేలా పెట్టావు?” అని అడిగాడు.

అత్త చేతులు తుడుచుకుంది. “సొరుగు పొడవునే.”

“వెనక పలకకి జిగురు పెట్టలేదా?”

“పెడితే మళ్లీ చీలుతుంది. వేసవిలో గొట్టాలు ఆపేస్తారట, అప్పుడది కొంచెం లావవుతుంది. కదలడానికి చోటుండాలి.”

మావయ్య గాలిలో చేత్తో ఒక గాడి గీసి, అందులో పలకను నిలబెట్టినట్టు చూసుకున్నాడు. “అవును. అలాగే ఉండాలి,” అన్నాడు. తర్వాత గడప మీద కూర్చున్నాడు. “అంటే ఒక ఊళ్లో ఇరికించాను, ఇంకో ఊళ్లో జార్చాను. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“చెప్తే మీకు అన్నం సయించదని.”

“ఇప్పుడు మాత్రం సయించిందా? సగం కంచం వదిలేశాను.”

అత్తకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

“మేస్త్రీ గారూ అందా ఆవిడ?” అని అడిగాడు మావయ్య.

“అంది.”

“మేస్త్రీ గారు,” అని మావయ్య తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అందులో ఎగతాళి లేదు. కొత్త పనిముట్టు చేత్తో పట్టుకుని బరువు చూసినట్టు అన్నాడు. “మరి అక్కడ నేనెవర్ని?”

ఆ ప్రశ్న వస్తుందని తెలిసి చాలా రోజులుగా తయారుగా ఉంచుకున్న మాట ఏదో అత్త దగ్గర ఉన్నట్టు, దాన్ని చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టు అనిపించింది.

“సొరుగులు మీరే చెయ్యాలి,” అంది. “మీలాగా బిగించడం నాకు రాదు. కొలతలు మాత్రం నేనిస్తాను. అక్కడి గాలి మీరు చూళ్లేదుగా.”

తన మాటే తనకు తిరిగొచ్చిందని మావయ్యకి తెలిసింది. ఒక్కసారి తల ఎత్తి ఆమెను చూసి, మళ్లీ దించుకున్నాడు. మారు మాట్లాడనన్నాడు, మాట్లాడలేదు. వెళ్లి పడుకునే ముందు మాత్రం నా దగ్గర ఆగి, అక్కడ క్యారమ్స్ బోర్డు ఉందా అని అడిగాడు. నేను చూడలేదన్నాను. అక్కడివాళ్లకు ఆడటం వచ్చో రాదో అన్నాడు. నేర్పితే నేర్చుకుంటారన్నాను.

శనివారం సంస్థవాళ్లకు ఫోను చేసింది అత్తే. అవతలి మేనేజరు అలవాటు కొద్దీ మావయ్యని పిలవమన్నట్టున్నాడు. నాతోనే చెప్పండి అంది. చలి ఊరికి వస్తాం, ముగ్గురం వస్తాం అంది. పని చేసే గది ఎక్కడుంటుంది, వేడి గొట్టాలు ఎప్పుడు మొదలుపెడతారు, ఎప్పుడు ఆపుతారు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. మావయ్య షెడ్డు గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. నేను పొట్టు ఊడుస్తున్నదాన్ని, చీపురు ఆపాను.

“ఇంకొక్క మాట,” అంది అత్త ఫోనులో. “చెక్క మాకంటే ముందే తెప్పించండి. విత్తనాల గదిలోనే పేర్చి ఉంచండి. మేం వచ్చేసరికి దానికి ఆ గాలి అలవాటవ్వాలి. ఎన్నాళ్లా?”

“నెల చాలదూ?” అన్నాడు మావయ్య గుమ్మంలోంచి మెల్లగా.

అత్త ఫోను చేత్తో మూసి ఆయన వైపు తిరిగింది. “అక్కడి ఎండుకి నెల చాలదండీ. రెండు.”

మావయ్య పక్కనున్న పలక అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. తర్వాత తల ఊపాడు.

“రెండు నెలలు,” అంది అత్త ఫోనులో.